షెడ్డులో నాలుగువందల అడుగులు

షెడ్డులో, గచ్చు మీద, మూడు చక్రాలకీ చెక్కలు అడ్డం పెట్టి ఉన్న రెండు సీట్ల విమానం నాలుగువందల అడుగుల ఎత్తులో ఎగురుతోంది. అలాగని దాని ఎత్తు మీటరు చెబుతోంది. ఆ రోజు గాలి పీడనం ఎంతో కనుక్కుని మెకానిక్ మీటరు మర సరిగ్గానే తిప్పాడు. రెండోసారి కూడా తిప్పాడు, అద్దం మీద వేలితో కొట్టి చూశాడు. ముల్లు కదిలితే ఒట్టు. సముద్రం పక్క మైదానం కాబట్టి అది చూపించాల్సింది సున్నా.

విమానం మెకానిక్ బావగారిది. తెల్లారితే అక్కని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని కొండల మీదుగా తిప్పుకొస్తానని ఆయన పంతం పట్టాడు. కొండల్లో మబ్బు కమ్మితే నమ్ముకోవాల్సింది ఆ ముల్లునే. లేని నాలుగువందల అడుగుల్ని ఉన్నాయనుకుని పోతే ఏమవుతుందో మెకానిక్‌కి తెలుసు. 

మీటరుకి సీలుంది. తనిఖీ అధికారి ఒప్పుకోకుండా విప్పితే లైసెన్సు పోతుంది. సాయంత్రం అధికారి వచ్చాడు. ముల్లుకేసి చూడలేదు, సర్టిఫికెట్ చదివాడు.

"ఇంకా పదకొండు నెలల గడువుంది. మీటరు బాగానే ఉంది."

"విమానం నేల మీద ఉందండీ," అన్నాడు మెకానిక్.

"రుజువేది?"

మెకానిక్ బావగారి టాబ్లెట్ చూపించాడు. అందులో ఎత్తు మూడడుగులని ఉంది. దానికి ఆమోదం లేదన్నాడు అధికారి. మెకానిక్ టేపు తెచ్చి రెక్క నుంచి గచ్చు దాకా కొలిచి చూపించాడు. అది బట్టలు కొలిచే టేపన్నాడు అధికారి.

"పోనీ, మీరూ ఇక్కడే నిలబడ్డారు కదండీ."

"నన్నెవరూ సర్టిఫై చెయ్యలేదు," అన్నాడు అధికారి, కాస్త నొచ్చుకుంటూ.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం? విమానం చిట్టా రాసే లాగుబుక్కులో "ఎత్తు: నాలుగువందల అడుగులు. స్థితి: తృప్తికరం" అని రాసి ఆయన వెళ్ళిపోయాడు. బావగారు మురిసిపోయాడు.

"ముద్ర పడ్డ వస్తువు అబద్ధమాడుతుందా బావమరిదీ? నీదంతా చాదస్తం."

పొద్దున్నే అక్క తలకి రుమాలు కట్టుకుని వచ్చింది. తన సర్టిఫికెట్ ఎగరడం కళ్ళారా చూద్దామని అధికారి కూడా వచ్చాడు. అక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. బావగారు తాళంచెవి మీద చెయ్యి వేశాడు. అప్పుడామె తమ్ముడి మొహం చూసింది.

"ఏమైందిరా? అలా ఉన్నావేం?"

సీలు, సర్టిఫికెట్, గడువు అంటూ మెకానిక్ నీళ్ళు నమిలాడు.

"అవన్నీ నాకెందుకు? ఎక్కి వెళ్ళమంటావా, వద్దంటావా?"

నిన్నటి నుంచీ ఆ ముక్క అతన్ని అడిగినవాడు లేడు.

"వద్దక్కా."

ఆమె బెల్టు తీసేసింది. అధికారి పరిగెత్తుకొచ్చి తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

"ఆగండమ్మా. లాగుబుక్కు ప్రకారం విమానం గాల్లో ఉంది. ఎగిరే విమానంలోంచి దిగడం నేరం."

"అయితే రాసుకోండి," అని ఆమె ఆయన్ని పక్కకి నెట్టి గచ్చు మీద కాలు పెట్టింది. బావగారు ముల్లుకేసి కాసేపు, పెళ్ళాంకేసి కాసేపు చూశాడు. తర్వాత ఆయనా గొణుక్కుంటూ దిగాడు.

అధికారి అక్కడికక్కడే నివేదిక రాశాడు: "నాలుగువందల అడుగుల నుంచి ఇద్దరు దూకారు. గాయాలు లేవు. కారణం: మెకానిక్ ప్రోద్బలం." చెయ్యి చాపి మెకానిక్ లైసెన్సు అడిగి పుచ్చుకుని జేబులో వేసుకున్నాడు.

ఇరవై రెండేళ్ళ లైసెన్సు. అబద్ధమెందుకు, మెకానిక్ ఆ జేబుకేసే చూస్తూ నిలబడ్డాడు. అక్క మాత్రం రుమాలు విప్పి దులుపుతూ, "ఇంటికి పోదాం పదరా, ఆకలేస్తోంది," అంది. ఆ గొంతు వింటూ ఆమె వెనకాలే నడిచాడు.