వీధిలో పలకరించని అక్క

వీధంతా ఆమెను విగ్గులక్క అంటుంది. ఆ పేరంటే ఆమెకు కోపం లేదు. కోపమల్లా పన్నుల శాఖ మీదే.

లెక్కలు చూపించమంటే నిక్షేపంగా చూపించేది, దాచుకునే రకం కాదు. కానీ వచ్చిన సమన్లలో విగ్గులు కొన్నవాళ్ల పేర్లు, చిరునామాలు కూడా పట్టుకురమ్మని ఉంది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది జబ్బు చేసి జుట్టు రాలిపోయినవాళ్లు. కొందరి సంగతి ఇంట్లో అత్తగారికి కూడా తెలియదు. వాళ్ల కోసమే దుకాణానికి వెనక తలుపు పెట్టించింది. అద్దానికి గుడ్డ కప్పి ఉంచి, విగ్గు తలమీద కుదురుగా కూర్చున్నాకే ఆ గుడ్డ తీసేది. వాళ్లు బయట ఎదురుపడితే ముఖం తెలియనట్టు వెళ్లిపోయేది. చూసినవాళ్లు పొగరుబోతు అనుకునేవారు. అనుకుంటే అనుకోనీ అనేది.

"వెళ్లి చూపించాలి, లేదంటే ఆ సమన్లు కోర్టులో కొట్టేయించాలత్తా," అంది మేనకోడలు. ఈమధ్యే నల్లకోటు తొడుక్కున్న లాయరు.

"అయితే కోర్టుకే పద."

"ఓడిపోతే దుకాణం మూతపడొచ్చు."

"పేర్లు చెప్పేశాక తెరిచి మాత్రం ఏం లాభమే?"

ఇక తనకు చేతనైన పని ఒక్కటే. కొన్నవాళ్లకు ఫోన్లు చేసి, పేర్లు అడుగుతున్నారనీ, తను నోరు విప్పననీ, విచారణ ఫలానా రోజనీ చెప్పింది.

ఆ రోజు కోర్టు హాల్లో ఆమె కాళ్లు ఆగిపోయాయి. వెనక బెంచీల నిండా వాళ్లే. బడి టీచరమ్మ, బ్యాంకు మేనేజరు, కూతురి చెయ్యి పట్టుకున్న ఒక తల్లి. అలవాటుకొద్దీ చూపు తిప్పుకొని ముందు వరుసలో కూర్చుంది.

పన్నుల శాఖ లాయరు బాగా నోరున్నవాడు. "పేర్లు చెప్పరు, మనుషుల్ని చూపించరు. అసలు ఈ కొనేవాళ్లున్నారో, లెక్కల్లోనే పుట్టారో ఎలా నమ్మాలండీ?"

"ఒక్కరినైనా చూపించగలరా అమ్మా?" అని జడ్జి గారు అడిగారు.

వెనక్కి తిరిగి వేలు చూపిస్తే చాలు, గండం గట్టెక్కుతుంది. అంతలో వెనక బెంచీ కిర్రుమంది. ఎవరో లేవబోతున్నారు.

"చూపించలేనండి," అంది గబగబా, మెడ తిప్పకుండానే. "వాళ్లకు మాటిచ్చాను. నా లెక్కలు ఎన్నిసార్లయినా చూసుకోండి."

బెంచీ మళ్లీ కిర్రుమంది. జడ్జి గారు ఆమె తల మీదుగా అటు చూశారు గానీ ఏమీ అడగలేదు. మేనకోడలు లేచి, అమ్మకాలు ఎంతో బ్యాంకు జమలే చెబుతున్నాయనీ, పన్ను కట్టేది ఈవిడే గానీ కొన్నవాళ్లు కాదనీ వాదించింది.

"లెక్కలు చూపించాల్సిందే. దానికి పేర్లతో పని లేదు. సమన్లలో ఆ భాగం కొట్టేస్తున్నాను," అన్నారు జడ్జి గారు.

బయటికొచ్చాక, వాళ్లకు ఇబ్బంది లేకుండా పక్క మెట్ల మీంచి జారుకోబోయింది.

"అక్కా, ఆగు," అని కేకేసింది టీచరమ్మ. మెట్ల మీద జనం, పన్నుల శాఖ లాయరు కూడా అక్కడే ఉన్నాడు. "బాగున్నావా? ఇది నీ చేతి విగ్గే. ఎలా ఉందో చెప్పు."

వెనకే బ్యాంకు మేనేజరు, ఆ తల్లీకూతుళ్లు, ఒక్కొక్కరే వచ్చి నోరారా పలకరించారు. ఎవరు వింటున్నారో పట్టించుకోలేదు. విగ్గులక్కకు కళ్లనీళ్లు ఆగలేదు.

"మీరు వెనకున్నారన్న ధైర్యంతోనే నిలబడ్డానమ్మా. మీ మేలు ఈ జన్మలో మరిచిపోను."

ఆపైన ఏమనాలో తోచక టీచరమ్మ తల వైపు చూసింది. చెవి దగ్గర విగ్గు కాస్త పక్కకు జరిగి ఉంది. పట్టపగలు, అంతమంది మధ్య, చెయ్యి చాచి దాన్ని సరిచేసింది.