జారిపోయే అక్షరాలు

ఫిలింనగర్ వాలులో, మందుల షాపు పై అంతస్తులో ఉంది ఆ గ్రంథాలయం. పొద్దున్నే తాళం తీయగానే లైబ్రేరియన్ మంజులత ఫ్యాన్లు వేసేది, అటెండర్ రాములు నేల మీది అక్షరాలు ఊడ్చేవాడు. మనసులో ఒకటి పెట్టుకుని నోటితో ఇంకొకటి అడిగినవాళ్ళు పుస్తకం తెరిస్తే, అందులోని అక్షరాలు జలజలా రాలిపోయేవి. చేటలోకెత్తి మూలన పెడితే మధ్యాహ్నానికి ఏ పేజీవి ఆ పేజీలోకి ఎక్కేసేవి.

ఆ ఏడాది చేట ఊరికే నిండిపోతోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మోజులో వచ్చినవాళ్ళంతా జావా కంప్యూటర్ పుస్తకమే అడుగుతున్నారు.

"ఊడ్చి ఊడ్చి నడుము పోతుంది మేడం," అని రాములు విసుక్కున్నాడు.

అప్పుడే లీలాకుమారి మళ్ళీ వచ్చింది. హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పే ఆవిడ. "కంప్యూటర్ పుస్తకం... ఇంకా తేలికైనదండీ," అంది గరగరమనే గొంతుతో.

మంజులత ఇచ్చింది. తెరవగానే అక్షరాలు ఆవిడ చీర కుచ్చిళ్ళ మీదుగా జారి నేల మీద పడ్డాయి. ఇంకొకటి ఇచ్చింది. అదీ అంతే. మంజులతకు ఓపిక పోయింది.

"ఏంది లీలగారూ! వారం నుంచి గిదే తంతు. జర నిజం చెప్పండి, మీకేం కావాలె?"

లీలాకుమారి పుస్తకం మూసింది. కళ్ళు తుడుచుకుంది.

"గొంతులో స్వరతంత్రుల మీద కాయలున్నాయన్నారండీ డాక్టరు. ఆపరేషన్ చేస్తే గొంతు మారిపోవచ్చట. ఈ గొంతు తప్ప నాకేమీ రాదు. అందుకే కంప్యూటర్ కోర్సులో చేరదామని..."

మంజులత నిచ్చెనెక్కి, దుమ్ముపట్టిన వైద్యం అరలోంచి ఒక లావాటి పుస్తకం తీసింది. లీలాకుమారి భయంభయంగా తెరిచింది. ఒక్క అక్షరం కదల్లేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదివారు. గొంతుకు విశ్రాంతి, నిపుణుల దగ్గర సాధన. చాలామందికి వాటితోనే తగ్గుతుందని ఉంది.

"ఇది మా డాక్టరు చెప్పలేదండీ."

"ఇంకో డాక్టరు దగ్గరికి పోయి అడగండి."

లీలాకుమారి కోర్సులో చేరలేదు. బంజారా హిల్స్‌లో గొంతు సాధన చేయించే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళింది. ఎండాకాలమంతా సాధన వేళల్లో తప్ప నోరు మెదపకుండా, చేతి సైగలతో గడిపింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు కౌంటరు దగ్గర ఎవరో, "బావున్నారా అండీ?" అన్నారు. ఎక్కడో సినిమాహాల్లో విన్నంత తేటగా ఉంది ఆ గొంతు. మంజులత తలెత్తింది.

"మొదటిరోజే చెప్తే అయిపోవు గదా లీలగారూ! అన్ని పుస్తకాలు పాడుచేస్తిరి," అంది, సంతోషాన్ని కోపంలో దాచుకుంటూ.

"మొదటిరోజు మీరు అడగలేదండీ," అంది లీలాకుమారి.