కారణం గడి

అరగంట దాకా రానిస్తారు కదా, ఇప్పటికి పదకొండు నిమిషాలే అయింది, బస్సు దొరకలేదేమో, దొరికినా లేటే, ఆ అమ్మాయి ఏనాడు వేళకు వచ్చింది గనక, క్లాసంతా లేటు రాణి అని పేరు పెట్టింది ఊరికేనా, అనుకుంటూ విద్యార్థి సంఘం అధ్యక్షురాలు మొదటి ప్రశ్నను నాలుగోసారి చదివింది, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు, కిటికీ పక్క వరసలో మూడో బల్ల ఖాళీగా ఉంది, బల్ల మీద తెల్ల జవాబుపత్రం ఫ్యాను గాలికి లేస్తూ పడుతూ ఉంటే ఇన్విజిలేటరు మేష్టారు వెళ్లి దాని మీద డస్టరు పెట్టి వచ్చారు, ఆ బల్ల మీద సుద్దతో రాసిన నంబరు తను పోట్లాడి తెచ్చిందే, హాజరు చాలని వాళ్లకు బల్ల ఎక్కడిది, తను మాట్లాడబట్టే ఉంది, వచ్చి కూర్చుంటే చాలు, ఏమీ రాయకపోయినా ఫరవాలేదు, పదమూడు నిమిషాలు.

లేటు రాణి అంటే ఆ అమ్మాయి నవ్వేది, మహారాణిగారు వేంచేశారు అని వెనక బెంచీల వాళ్లు అందుకుంటే వంగి దండం పెట్టి మరీ కూర్చునేది, తనూ నవ్వింది అందరితో పాటు, నవ్వలేదంటే అబద్ధం, రాత్రి వేసుకునే మాత్రల మత్తు పొద్దున పది దాకా వదలదని ఎవరికి తెలుసు, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఆ అమ్మాయే చెప్పిందాకా తెలీదు, నెల్లాళ్లు ఆసుపత్రిలో ఉన్నానే, మనసుకు సంబంధించిన ఆసుపత్రి, బద్ధకమనే అనుకోనీ, అదే నయం, బద్ధకమంటే నవ్వి ఊరుకుంటారు, ఇదంటే నా పక్కన కూర్చోరు, పరీక్ష పోతే పోయింది, వచ్చే ఏడు రాసుకుంటాను, ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది, అంతే, తను వింటేనా, డాక్టరు కాగితం ఉందా అని అడిగింది, రెండు రోజులు వెంటపడింది, చివరికి ఇచ్చింది, ప్రిన్సిపాలుగారు, హాజరు కమిటీ వాళ్లు తప్ప ఇంకెవరూ చూడకూడదు సుమా అంటూ, నాదీ పూచీ అంది తను, ఎంత తేలిగ్గా అంది.

కమిటీ గదిలో ఇరవై నిమిషాలు మాట్లాడింది, గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించింది, లెక్కల మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, ప్రిన్సిపాలుగారు సంతకం పెట్టి, నీలాంటిది ఒకతె ఉంటే ఏ పిల్లకీ అన్యాయం జరగదమ్మా అన్నారు, ఆ మాట ఇంటికి మోసుకెళ్తే అమ్మ, ముందు నీ చదువు సంగతి చూసుకోవే అంది, అయినా ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపట్టింది, తెల్లవారి చూస్తే నోటీసుబోర్డు అద్దం వెనక జాబితా, మూడు గళ్లు, నంబరు, మినహాయింపు, కారణం, ఆ మూడో గడి తను పుట్టించిందే, నిరుడు పాలకమండలి సభ్యుడి మేనల్లుడు ఒక్కరోజూ క్లాసుకు రాకుండా పరీక్ష రాసేస్తే, ఎవరికి ఎందుకు సడలించారో అందరికీ కనబడాలి అని మూడు రోజులు వరండాలో బైఠాయించి సాధించిన గడి, అది సాధించినందుకే ఈ ఏడు అధ్యక్షురాలిని చేశారు, ఆ గడిలో తన అర్జీలోంచే ఎత్తి టైపు చేసిన మాటలు, మానసిక వ్యాధి, ఆసుపత్రి చికిత్స, పేరు లేదుగా అంటే ఏం లాభం, ఎవరి నంబరు ఏదో అందరికీ నోటికొచ్చు.

తీసెయ్యండి సార్ అని గుమస్తాగారి కాళ్లావేళ్లా పడింది, ఆయన బోర్డు తాళంచెవి సొరుగులో వేసుకుని, రూలు పెట్టించింది మీరే కదమ్మా, ప్రిన్సిపాలుగారు ఊళ్లో లేరు, సంతకం లేకుండా నేనెలా తీస్తాను, రేపు ఎవరైనా వచ్చి దాచిపెట్టావంటే నా ఉద్యోగం ఊడుతుంది అన్నాడు, అదీ నిజమే, అద్దం పగలగొట్టొచ్చు, పగలగొట్టలేదు, అధ్యక్షురాలు కదా, విరామం మొత్తం బోర్డుకు వీపు ఆనించి నిలబడింది, జరుగు లీడరమ్మా, చూసుకోనీ అని వాళ్లంటే, ఏముందిలే అందులో, తర్వాత చూడొచ్చు, అని నవ్వుతూ, చెమటలు కారుతుండగా, అప్పటికే సగం మంది ఫోటోలు తీసుకున్నారని తెలిసి కూడా, సరిగ్గా అప్పుడే వచ్చింది లేటు రాణి, కాస్త జరగవే, నా నంబరు చూసుకోవాలి, తను జరిగింది, ఏం చేస్తుంది, జరిగింది, ఆ అమ్మాయి అద్దం మీద వేలు పెట్టి వరస పట్టుకుని చివరి దాకా చదివింది, థాంక్స్ అంది, అందులో వెటకారం లేదు, అదే ప్రాణం తీస్తోంది, సాయంత్రానికి వాళ్ల నాన్న వచ్చి హాస్టలు గది ఖాళీ చేయించి తీసుకెళ్లాడు, తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు, నిన్న వాళ్లమ్మ ఎత్తి, రాస్తుందిలేమ్మా, నేను చెబుతాను అని పెట్టేసింది, అమ్మ చెబితే వింటుంది, వస్తుంది.

తలుపు చప్పుడైంది, కాదు, మంచినీళ్ల ఆయా, ఆమె వెనక వరండా ఖాళీ, ఇరవై తొమ్మిది, ముప్ఫై, మేష్టారు తలుపు దగ్గరగా వేసి, మూడో బల్ల దగ్గరికి వెళ్లి డస్టరు తీసి, ఎర్ర సిరాతో గైర్హాజరు అని తన జాబితాలో రాసుకుని, ఏమ్మా లీడరూ, పెన్ను కదలట్లేదే అన్నారు, తప్పు గుమస్తాది, కాదు, అతనికేం తెలుసు, రూలుది, రూలు మంచిదే, నిరుడు అందరూ మెచ్చుకున్నారు, ఆ గడి సంగతే మరిచిపోయాను, మనిషన్నాక మరుపు ఉండదా, ఆ అమ్మాయి వద్దంది కదా, మొహమాటానికి అందనుకున్నాను, అనుకున్నావా, నిజం చెప్పు, ఇక్కడెవరూ వినడం లేదు, ఆ పిల్ల నేలకేసి చూస్తూ చెబుతూ చెబుతూ మధ్యలో ఆపి మొహం అటు తిప్పుకుంది, అప్పుడు చెయ్యి పట్టుకున్నావా, లేదు, ఆసుపత్రిలో నెల, డాక్టరు సంతకం, దీన్ని ఏ కమిటీ కాదనలేదు, ఏడాది మొత్తంలో ఇంత గట్టి కేసు ఒక్కటీ చేతికి రాలేదు అని లెక్క వేసుకుంటూ కూర్చుంది, పక్కన ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటుంటే, తనకు సంతోషం వేసింది.