బావ తిట్టని రోజు

మా బావ బేకరీలో పనిచేయడమంటే రోజూ తిట్లు తినడమే. రొట్టె ఎర్రబడితే తిడతాడు, తెల్లగా ఉంటే తిడతాడు, సరిగ్గా కుదిరితే నిన్న ఇలా ఎందుకు చేయలేదని తిడతాడు. అక్క మొగుడు కాబట్టి పడతాను. ఇంకొకడైతే పిండిముద్ద మొహాన కొట్టి ఎప్పుడో వెళ్ళిపోయేవాణ్ణి.

ఈయనకు పన్నెండేళ్ళ కిందట గుండెపోటు వచ్చింది. వచ్చిన సంగతి ఆయనకే తెలియలేదు. చాలాకాలంగా షుగరున్నవాళ్ళకు నరాలు మొద్దుబారి, గుండె ఎంత మొత్తుకున్నా నొప్పి తెలియకపోవచ్చునట. చెమటలు పట్టాయి నిజమే, కానీ ఓవెన్ ముందు నిలబడ్డవాడికి చెమట పడితే ఎవరికి అనుమానం వస్తుంది? పిండి బస్తా మీద కూలబడ్డాక గానీ ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు. చావు తప్పి బయటపడ్డాడు. షుగరూ గుండెజబ్బూ జతకట్టాయి కాబట్టి జాగ్రత్త జీవితాంతం ఉండాలని, మళ్ళీ వచ్చినా నొప్పి రాకపోవచ్చునని డాక్టరమ్మ మా అందరికీ గట్టిగా చెప్పింది.

అప్పట్నుంచి ఇంట్లో అక్క రాజ్యం. వేళకు మాత్రలు, పొద్దున్నే నడక, చప్పిడి కూరలు, బావ చేసిన కేకు బావ నోట్లోకే పోకుండా కాపలా. ఈ కూడు తినేవాణ్ణి యముడు కూడా ముట్టుకోడని సణుగుతూనే ఆయన అన్నీ చేశాడు. పదేళ్ళు దాటేసరికి చుట్టాలు ఆయన్ని పరామర్శించడం మానేసి కేకుల కోసం రావడం మొదలుపెట్టారు. ఇక ఢోకా లేదని నేనూ అనుకున్నాను.

మొన్న పొద్దున ఫోనులో పడి ఒక వాయి బన్నులు మొత్తం మాడ్చేశాను. బొగ్గులకూ వాటికీ తేడా లేదు. తిట్లకు సిద్ధపడి, చెవులు అప్పగించి నిలబడ్డాను. బావ వచ్చి ట్రే చూశాడు.

"పర్లేదులేరా, పోనీ" అని స్టూలు మీద కూర్చున్నాడు.

బావ తిట్టలేదంటేనే నాకు భయమేసింది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే కాస్త ఆయాసం, అంతేనన్నాడు. నొప్పేమీ లేదన్నాడు. ఆ మాటతో నా భయం రెట్టింపైంది. ఓవెన్ ఆపేసి అంబులెన్సుకు ఫోను చేశాను. ఎందుకురా ఈ హడావుడి అని ఆయన ఒక్క మాటైనా అనలేదు. స్ట్రెచరు ఎక్కమంటే బుద్ధిగా ఎక్కాడు. దారి పొడుగునా ఆయన మౌనం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

రక్తనాళం ఒకటి పూడుకుపోయిందట. సమయానికి తెచ్చారు కాబట్టి స్టెంటు వేసి గట్టెక్కించారు. మర్నాడు డాక్టరమ్మ మాత్రల గురించి గుచ్చి గుచ్చి అడిగేసరికి దొంగ దొరికిపోయాడు. ఇన్నేళ్ళయింది, నొప్పీ లేదు, జబ్బు ఎప్పుడో పోయుంటుందనుకున్నాడట. అక్క ఇచ్చిన రాత్రి మాత్రను నాలుక కింద దాచి, ఆమె అటు తిరగ్గానే ఉమ్మేస్తున్నాడట. కొన్ని నెలలుగా ఇదే వరస.

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. అక్క ఆస్పత్రి పైకప్పు లేచిపోయేలా అరుస్తుందని నేను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను. ఆమె అరవలేదు. మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"రాత్రిళ్ళు లేచి మీకు ఊపిరి ఆడుతోందా లేదా అని చూసుకుంటానండీ. పన్నెండేళ్ళుగా చూసుకుంటూనే ఉన్నాను. మీకు నొప్పి తెలియదంటగా. నాకు తెలుస్తుంది."

బావ కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి నర్సు మాత్ర తెచ్చింది. బావ దాన్ని వేసుకుని, గ్లాసుడు నీళ్ళు తాగాడు. తరవాత ఎవరూ అడక్కుండానే అక్క వైపు తిరిగి, నోరు బాగా తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు.