రెండో సాలీడు

సీసాలో ఫార్మలిన్ ఇగిరిపోయి పాముపిల్ల తల బయటపడింది. లింగప్ప మళ్లీ మెడదాకా నింపి మూత చుట్టూ మైనం పూశాడు. కంబదూరు జూనియర్ కాలేజీ జువాలజీ ల్యాబులో ఆయన అటెండరు. కప్పలనూ జెర్రులనూ చెడిపోకుండా చూసుకోవడమే ఇరవై రెండేళ్ల ఉద్యోగం. సన్నటి మనిషి, ఖాకీ చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడేది. మందు ఘాటుకు వేళ్ల చివర్లు తెల్లగా చిట్లిపోయాయి. ఆయన గదిలో ఉన్నాడని చాలామందికి గుర్తే ఉండేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి సెలవడిగాడు.

"ఇంకో సాలీడు కోసమేనా?" అంది జువాలజీ మేడమ్.

"ఔ మేడం. అది సచ్చిపోయినప్పట్నుంచి మా ఆంజినమ్మ ముద్ద ముట్టలేదు. గంజి పోస్తే బయటికొస్తాండాది."

నిరుడు ఎవరో అరచేయంత బొచ్చుసాలీడును పట్టి ల్యాబుకు తెచ్చారు. దాన్ని మందులో ముంచాల్సింది లింగప్పే. సీసా వంచేసరికి అది ముందుకాళ్లు రెండూ పైకెత్తింది. ఆయనకు చేతులు రాలేదు. గాజుపెట్టెలో మట్టి పోసి ఇంటికి తీసుకుపోయాడు.

ఇంట్లో భార్య ఆంజినమ్మ నాలుగేళ్లుగా మంచం మీదే ఉంది. ఊరి బోర్లలోని ఫ్లోరైడు నీళ్లు ఆమె ఎముకల్ని బిగించేశాయి. వెన్ను వంగదు, మెడ తిరగదు. ఒక పక్కకు పడుకోబెడితే ఎదురుగా ఉన్న గోడే ఆమెకు లోకం. లింగప్ప ఆ గోడ ముందు స్టూలు వేసి, ఆమె కళ్లకు సూటిగా గాజుపెట్టె పెట్టాడు. మొదటిరోజు ఆమె కేకలేసింది. వారం తిరిగేసరికి దానికి 'ముసలోడు' అని పేరు పెట్టింది. "ఈ పొద్దు ముసలోడు గుంత తవ్వుకున్న్యాడు", "ముసలోడు బొద్దింకను వద్దన్న్యాడు" అని సాయంత్రం ఆయన రాగానే చెప్పేది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె అన్ని మాటలు మాట్లాడటం లింగప్ప ఎన్నడూ వినలేదు.

తొమ్మిది రోజుల కిందట అది కాళ్లన్నీ కడుపు కిందికి ముడుచుకుని చచ్చిపోయింది. అప్పట్నుంచి ఆంజినమ్మ కళ్లు తెరవడమే తగ్గించింది.

"మొదటిది మగది" అంది మేడమ్. "మగవి ఎదిగాక ఎక్కువ కాలం ఉండవు. ఈసారి పిల్లదాన్ని చూసుకో. ఆడదైతే పదిహేనేళ్లు కూడా బతకొచ్చు. పరుగెత్తేదాన్ని మాత్రం తెచ్చుకోకు. నీకింకా చేయి తిరగలేదు."

ఇంటికెళ్లి ఆంజినమ్మ నోట్లో చెంచాతో నీళ్లు పోశాడు. సగం చెంప మీదికి కారిపోయాయి. గొర్రెలకాపరి పొద్దున్నే సాలీళ్లను పట్టి డబ్బాల్లో పెట్టాడని, ఒకటి తేవడానికి కొండకు పోతున్నానని చెప్పాడు.

"నాకొద్దు. మల్లా సచ్చేది సూడల్లనా?"

"ఇది సావదు. పదైదేండ్లుంటాదంట."

"పదైదేండ్లు నేనేడ సూస్తా?" అని ఆమె కళ్లు మూసుకుంది.

లింగప్ప చెంచా కడిగి బోర్లించాడు. పక్కింటి మారెక్కను తోడు కూర్చోబెట్టి సైకిలెక్కాడు.

వరుసగా రెండో ఏడు వాన లేదు. వేరుశనగ వేయని చేలు ఎర్రగా కాలి ఉన్నాయి. కొండ కింద గొర్రెలకాపరి ఓబులేష్ రెండు డబ్బాలు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"బండ సందున దొరికినాయి లింగన్నా. ఏది కావల్లో చూసుకో."

మొదటి డబ్బా మూత తీయగానే నల్లటి మఖమల్ గుడ్డలాంటి పెద్ద సాలీడు కోరలు చూపించి, చూస్తుండగానే అంచుదాకా పాకింది. ఓబులేష్ టపీమని మూత పెట్టాడు. "దర్జా పురుగన్నా! ఇంట్లో పెడితే ఊరంతా చూడనీకొస్తాది."

రెండో డబ్బాలో మట్టి తప్ప ఏమీ కనబడలేదు. పుల్లతో కదిపితే రూపాయి బిళ్లంత పిల్లసాలీడు ఒక కాలు లోపలికి లాక్కుంది.

"దీన్నేం చేసుకుంటావన్నా? కండ్లకే ఆనదు."

నిజమే. ఆంజినమ్మకు చూపు మందగించింది. పెద్దదైతే పడుకున్నచోటి నుంచే కనబడుతుంది. చిన్నది రోజులకొద్దీ మట్టిలోనే దాక్కుంటుంది.

"ఓబులేషూ, ఆ పెద్దది వయసుదా, ముసలిదా?"

"నాకేం తెల్సన్నా? దాని జాతకం నేను రాసినానా?"

లింగప్ప చాలాసేపు రెండు డబ్బాల మధ్య గొంతుకూర్చున్నాడు. చిన్నది పదిహేనేళ్లు బతకాలంటే దాన్ని పదిహేనేళ్లు చూసే మనిషి కూడా ఉండాలి. వెర్రి ఆలోచన అని ఆయనకూ తెలుసు. తెలిసే చిన్నదాన్ని తీసుకున్నాడు. డబ్బా కుదుపుకు గురికాకూడదని ఒంటిచేత్తో సైకిలు తొక్కాడు. గుంతలున్నచోట దిగి నడిచాడు. దీనికి పేరు ఆమెనే పెట్టమనాలి అనుకున్నాడు. పేరు పెట్టిందంటే ముద్ద కూడా తింటుంది.

పొద్దు ఇంకా కుంకలేదు. ఇంటిముందు నలుగురైదుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆయన్ను చూసి పక్కకు జరిగారు.

"నీళ్లడిగితే తాపినానన్నా" అంది మారెక్క. "రెండు గుక్కలు మింగి కండ్లు మూసుకునింది. నిద్రపోయిందనుకొంటి."

లింగప్ప లోపలికిపోయి, డబ్బాలోని మట్టిని గాజుపెట్టెలో మెల్లగా వొంపి, పెట్టెను ఆమె మొహానికి సూటిగా జరిపాడు. కొంచెం ఎడమకు సర్దాడు. మళ్లీ కుడికి సర్దాడు. ఆ తర్వాత చేయడానికేమీ లేక నేలమీద కూర్చుండిపోయాడు.

మారెక్క పక్కన కూర్చుంది.

"అంతకుముందు నన్ను బోరుకాడి గడ్డిలోకి తరిమిందన్నా, మిడతను పట్టకరమ్మని. పెద్దదాన్ని తెస్తే కసిరింది. 'ఆయప్ప చిన్నదే తెస్తాడు, నాకు తెల్సు. పొద్దన్నుంచీ డబ్బాలో ఉండేది, ఆకలిగొని వస్తాది. చిన్న మిడతను పట్టు పో' అనింది."

తలగడ పక్కన మూడు సూదిబెజ్జాలు పొడిచిన అగ్గిపెట్టె ఉంది. లోపల చిన్న మిడత అట్టను గీరుతోంది.