ముందు గ్లాసులకే తెలుస్తుంది

ముందు గ్లాసులకే తెలుస్తుంది.

అల్మారాలో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి ఒరుసుకుని సన్నగా గలగలమంటాయి. తర్వాత కిటికీ రెక్క. తర్వాత నేల. అప్పుడొస్తుంది చప్పుడు... ఊరి అవతల, ఓపెన్‌కాస్టు గనిలో, బొగ్గు మీది రాయిని పేల్చిన చప్పుడు.

గోదావరిఖనిలో అది మధ్యాహ్నపు సంగతి. అన్నం తిన్నాక వచ్చే ఆవులింత లాంటిది. ముందు సైరన్ మోగుతుంది. సైరన్‌కీ చప్పుడుకీ మధ్య కొంచెం నిశ్శబ్దం ఉంటుంది.

ఆ నిశ్శబ్దంలోనే యమున పరుగెత్తేది.

ల్యాప్‌టాప్‌లో మీటింగ్ నడుస్తున్నా, హెడ్‌ఫోన్ తీగ కాలికి చుట్టుకున్నా సరే, ఊయల దగ్గరికి. రెండు అరచేతులతో రెండు బుల్లి చెవులు మూయడానికి. బెంగళూరులో ఉన్న మేనేజరు లెక్కలో ఆమె నెట్‌వర్కు రోజూ సరిగ్గా ఆ వేళకే పోతుంది.

ఇంట్లో రూలు అది. సైరన్ మోగితే, పాపకు ఎవరు దగ్గరుంటే వాళ్ళవే చేతులు. పాప తల్లి, యమునకు వదిన, సహస్ర పిండి చేతులతోనే వచ్చేది. అన్న అంజి నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నా, కళ్ళు మూసుకునే లేచి, కళ్ళు మూసుకునే వచ్చి, పాప చెవులు మూసేవాడు. అవ్వ మల్లక్కయితే చేతులు పెట్టి, పైన కొంగు కూడా కప్పేది.

డబుల్ ప్యాకింగ్, అని యమున నవ్వేది.

నవ్వే సంగతి కాదు.

ఉలిక్కిపడితే పాప ఏడుస్తుంది. ఏడిస్తే నీలమవుతుంది. ముందు పెదాలు. తర్వాత గోళ్ళు. తర్వాత —

తర్వాతది ఎవరూ చూడలేదు. చూడకూడదనే ఆ చేతులు.

పుట్టినప్పుడు ఆ పెదాలను చూసి అందరికంటే ముందు మురిసింది అవ్వే.

"నా బంగారు తల్లి నేరేడువండ్లు తినుకుంటనే పుట్టిందే!"

క్వార్టర్ల లైనంతా వచ్చి చూసింది. మెచ్చుకుంది. యమున ఫొటో తీసి స్టేటస్ పెట్టింది. పక్కన ఊదారంగు గుండె బొమ్మ కూడా పెట్టింది.

గుండెలోనే రంధ్రం ఉందని తెలిశాక ఆ ఫొటో తీసేసింది. అవ్వ నేరేడుపండ్ల బండి కనిపిస్తే మొహం తిప్పుకుంటోంది.

ఆపరేషన్ దాకా ఏడవనివ్వకండి, అన్నారు డాక్టర్లు.

ఎంత తేలిక మాట. ఏడవనివ్వకండి.

రోజూ నేలను పేల్చే ఊళ్ళో.

*

హైదరాబాద్ దవాఖానాకు ముగ్గురే వచ్చారు పాపతో. అవ్వకు మోకాళ్ళ నొప్పి. "నేనొస్తె నన్ను జూస్కునుడే మీకు పనైతది" అని ఇంటి దగ్గరే ఉండిపోయింది.

యమునను రమ్మన్నది ఎందుకో అందరికీ తెలుసు. ఆమె చదివింది. ఇంగ్లీషు తెలుసు. నెట్‌లో చూడగలదు.

చూసింది. నూటికి ఇంతమంది బాగైపోతారని ఒక పేజీ. ఇంతమంది అని ఇంకో పేజీ. ఆ నూరుమందిలో పాప ఎక్కడ నిలబడి ఉందో ఏ పేజీ చెప్పలేదు.

"ప్యాచ్ వేస్తాం" అంది డాక్టరు.

యమునకు బాగా తెలిసిన మాట. ఆమె ఉద్యోగమే అది. సాఫ్ట్‌వేర్‌లో రంధ్రం కనిపిస్తే ప్యాచ్ వేయడం. ఒకచోట మూస్తే ఇంకోచోట ఊడటం. ఊడితే మళ్ళీ పాతదానికి తిప్పేయడం. తిప్పే బటన్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఇక్కడ ఆ బటన్ లేదు.

వరండాలో అంజి ఆమె మొహంలోకి చూశాడు.

"ఏమన్నదే డాక్టరమ్మ? మనకర్థమయ్యేటట్టు జెప్పు."

"బొక్క ఉన్నకాడ ప్యాచ్ ఏస్తరటన్నా. మూసేస్తరు."

అంజి ఆలోచించాడు. అతను బాయిలో పనిచేస్తాడు. నేల కింది గనిని అక్కడ బాయి అనే అంటారు. బొగ్గు తీసిన ఖాళీలోకి గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి గొట్టాల్లో పంపి నింపుతారు. పైన ఇళ్ళున్నాయి కదా, నేల కుంగకూడదని.

"అంటే... ఇసుక నింపినట్టేనా?"

"ఆఁ... గట్లనే అనుకో."

అంజి మొహం తేటపడింది. తనకు తెలిసిన పని అది. ఎన్నిసార్లు చూశాడు. తలూపుకుంటూ రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"నింపినంక కప్పు కూలదు గద?"

డాక్టరు చెప్పిన మాటలు యమున దగ్గర ఇంకా కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్నాయి.

వాటిని ఇంగ్లీషులోనే ఉంచేసింది.

"కూలదన్నా."

*

పొద్దుటి నుంచి పాపకు పాలు లేవు. ఆపరేషన్ ముందు ఇవ్వకూడదట.

పాపకు ఆకలి. సహస్ర జాకెట్టు తడిసిపోయింది. ఒకరికి కావలసింది ఇంకొకరి దగ్గర పొంగుతోంది, మధ్యలో ఒక రూలు. సహస్ర పాపను భుజాన వేసుకుని వరండా ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతోంది. ఏడవనివ్వకూడదు. పాప ముక్కు ఎగబీలుస్తుంది... పెదవి వణుకుతుంది... సహస్ర ఇంకా వడివడిగా నడుస్తుంది.

యమున ఉద్యోగం పేరులో సపోర్ట్ అనే మాట ఉంది. ఎక్కడో అమెరికాలో ఎవరి తెరో ఆగిపోతే ఆమె ఇక్కడ లేచి కూర్చుంటుంది. నేను చూసుకుంటాను, కంగారు పడకండి, అని టైపు చేస్తుంది.

ఇక్కడేం టైపు చేయాలి.

"వదినా, ఇడ్లీ తింటవా?"

"ఒద్దు."

"చాయ్ తెద్దునా?"

"ఒద్దు."

"కొబ్బరినీళ్ళు?"

సహస్ర ఆగింది. "కిందున్న హోటలంత మోసుకొచ్చేటట్టున్నవ్. నీ పుణ్యముంటది, జరసేపు కూసో యమునా."

కూర్చుంది. తెచ్చినవన్నీ సంచిలో ఉన్నాయి. రెండు చార్జర్లు, పవర్ బ్యాంకు, ఫ్లాస్కు, తడి రుమాళ్ళు. అన్నీ ఫుల్ చార్జింగ్‌లో ఉన్నాయి. ఏదీ పనికిరాదు.

అప్పుడే ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ బట్టల్లో ఒక సిస్టర్ వచ్చి చేతులు చాచింది.

సహస్ర ఇవ్వలేదు.

ఇవ్వక తప్పదు. అయినా ఇవ్వలేదు. అంజి ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ, బస్సెక్కించే పిల్ల గురించి చెప్పినట్టు గబగబా చెప్పింది.

"సిస్టర్, మా పిల్ల సప్పుడైతె ఉలిక్కిపడ్తది. ఏడుస్తె నీలమైతది. సప్పుడైతె జర చెవులు మూయుండ్రి... గిట్ల, రెండు చేతులతోని..."

సిస్టర్ నవ్వింది. మంచి నవ్వే.

"లోపల ఏ చప్పుడూ ఉండదమ్మా."

తలుపు మూసుకుంది.

నిజమే. ఏ చప్పుడూ లేదు.

*

యమున అడగకుండానే మూడు చాయ్‌లు తెచ్చింది. పేపరు గ్లాసుల్లో. ఎవరూ తాగలేదు. కుర్చీ మీద వరసగా మూడు గ్లాసులు, మీద మీగడ కట్టి.

చేతులే పెద్ద సమస్య. అంజి తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, ఎవరో దాచమని ఇచ్చినట్టు. ఎంత కడిగినా గోళ్ళ చివర నల్లగా ఉండే చేతులు. సహస్రవి ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి.

ఫోన్ మోగింది. అవ్వ.

యమున స్పీకర్ పెట్టింది.

"తీస్కపోయిండ్రా బిడ్డా?"

"తీస్కపోయిండ్రవ్వా."

"ఏడ్సిందా?"

"ఏడ్వలే."

"నా తల్లి... ఒగసారి ఫోన్ దానికాడ..." అవ్వ ఆగింది. గుర్తొచ్చింది కాబోలు.

ఆ ఆగిన చోటులోకి, ఫోన్‌లో, దూరం నుంచి, సన్నగా... సైరన్.

గోదావరిఖని సైరన్.

ముగ్గురూ లేచారు.

ఆలోచించి లేవలేదు. అంజి కుర్చీ వెనక్కి తన్నుకుంది. యమున అరచేతులు తెరుచుకున్నాయి. సహస్ర చేతులు గాల్లోకి లేచి, ఒకదానికొకటి ఎదురుగా ఆగిపోయాయి. మధ్యలో ఒక చిన్న తల పట్టేంత ఖాళీ.

సైరన్ ఆగింది. కొంచెం నిశ్శబ్దం.

"అవ్వా..."

లైను పోయింది. ఆ అంతస్తులో సిగ్నల్ ఉండీ లేనట్టే ఉంటుంది.

ఇక చప్పుడు రావాలి. అక్కడ వచ్చే ఉంటుంది. ఇక్కడికి రాలేదు. సహస్ర చేతులు దించలేదు, రానిదాన్ని ఆపుతున్నట్టు. దించమని చెప్పాలని యమునకు అనిపించలేదు. అంజి తలుపు వైపు చూస్తున్నాడు.

యమున కుర్చీ మీది గ్లాసుల వైపు చూసింది.

మూడు పేపరు గ్లాసులు. మీగడ మీద చిన్న ముడత కూడా లేదు... ఇంకా లేదు.

ముందు గ్లాసులకే తెలుస్తుంది.