చిన్నమ్మి దాచిన అత్తం

డుంబ్రిగుడకి ఎగువన, గెడ్డ అనే కొండవాగుకి అవతల ఉన్న ఇరవై ఇళ్ళ గూడెంలో పండిన అరటిపండుని పదకొండు రోజులు నిలవ ఉంచగలిగిన మనిషి చిన్నమ్మి ఒక్కతే. ఎవరూ నేర్పలేదు. నేల మీద పెడితే అడుగువి నలుగుతాయని అడ్డతీగ నారతో పేనిన తాడుతో దూలానికి వేలాడదీస్తుంది. అదీ పొయ్యికి దూరంగా, చల్లటి వెనకగోడ పక్కన. ముగ్గిన పనసపండుని ఆ దరిదాపులకి రానివ్వదు. దాని పక్కనుంటే అరటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. తొడిమలు కలిసే మొదలుకి పంచదార కవరు బిగించి కడుతుంది.

ఆ ఏడు ఆషాఢం వానకి గెడ్డ మీద దారికి వేసిన తూములు కొట్టుకుపోయాయి. ఆటో రాదు. మూడు సంతలు పోయాయి. గూడెంలో నలభై గెలలు ఇళ్ళల్లోనే ముగ్గి, కారి, కుళ్ళాయి. అర్జీలు పెట్టగా పెట్టగా, కల్వర్టు అవసరమో కాదో చూసి రాయడానికి వరహాలరావు అనే ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. అతను రాసిందే రాత. అక్కర్లేదని రాస్తే ఈ ఏటికి కల్వర్టు లేనట్టే.

అర్జీలు పెట్టించినవాడు చిన్నమ్మి మరిది గాసి. ముందురోజే కుళ్ళిన గెలలన్నీ తెచ్చి ఆమె వాకిట్లో కుప్ప పోయించాడు.

"వొదినా, ఆయనొత్తే ఇదే సూపించు. ఆ దాసిన అత్తం మాత్రం బయటికి తియ్యకు," అన్నాడు.

అత్తం అంటే గెలలో ఒక వరస. పద్నాలుగు పళ్ళు. హాస్టల్లో చదువుతున్న కూతురు స్వర్ణ కోసం ఉంచింది.

"నాకు తెల్దేటి? నువ్వు నీ నోరు దాసుకో, నాను పళ్ళు దాసుకుంతాను," అంది చిన్నమ్మి.

మర్నాడు పదకొండింటికి వరహాలరావు గెడ్డ దాటాడు. దాటాడంటే కాళ్ళతో కాదు, గాసి వీపు మీద. బూట్లు తడవలేదు. దిగి, "ఇంత నీళ్ళలో ఎలా తిరుగుతార్రా మీరు?" అన్నాడు.

"తిరగలేకే కద బాబూ మిమ్మల్ని పిలిసినాం," అన్నాడు గాసి లుంగీ పిండుకుంటూ.

కుప్ప చూసి వరహాలరావు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఫొటో తీశాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత అరుగు మీద కూలబడి, "తినడానికేమన్నా ఉందా అమ్మా? పొద్దున్నించీ ఏమీ తినలేదు," అన్నాడు.

అంబలి అయిపోయింది. గుమ్మంలో కూర్చున్న మనిషి ఆకలంటే ఆ గూడెంలో ఇంట్లో ఉన్నదాంట్లో మంచిదే పెడతారు. చెడ్డది పెడితే ఇంటి దేవత లేచి వెళ్ళిపోతుందంటారు. వీళ్ళు ఆఫీసు గుమ్మంలో కూర్చుంటే ఎవడేం పెట్టాడో ఆ దేవతకెవరు చెప్పాలి.

చిన్నమ్మి లోపలికెళ్ళి దూలం కింద నిలబడింది. గుమ్మంలోంచి గాసి తల అడ్డంగా ఊపాడు. ఆమె చూసింది. చూసే తాడు విప్పింది.

అతను వరసగా నాలుగు పళ్ళు తిన్నాడు.

"నిన్న పండినవా?"

"పదకొండ్రోజులయినాది బాబూ."

అక్కడితో ఆగలేదామె. తాడు, గోడ, కవరు, పనసపండు సంగతి అంతా చెప్పింది. యాభై ఏళ్ళలో ఆమె పనితనం గురించి అడిగినవాడు అతనొక్కడే మరి. అతను శ్రద్ధగా రాసుకున్నాడు.

"ఇంత తెలిసి ఆ కుప్పంతా ఎందుకు కుళ్ళబెట్టారమ్మా?"

"ఒక అత్తమైతే దాత్తాను. నలబై గెలలు దూలాలకి కడితే కొంపలు కూలిపోవా? మనుసులెక్కడ తొంగుంతారు?"

అది రాయలేదు. పెన్ను అప్పటికే జేబులో పెట్టేశాడు. మిగిలిన పళ్ళు సంచిలో వేయించుకుని మళ్ళీ గాసి వీపెక్కాడు.

నెల తర్వాత గాసి మండలాఫీసు నుంచి కాగితం తెచ్చి ఆమెకి చదివి వినిపించాడు. "గ్రామస్థులకు పండ్ల నిల్వ పద్ధతులు తెలియును. నష్టము అజాగ్రత్త వలన జరిగినది. కల్వర్టు ప్రస్తుతము అవసరము లేదు. శిక్షణ ఇచ్చిన చాలును."

"కుళ్ళిందే పెట్టుంటే సరిపోయేది, వొదినా," అన్నాడు.

"ఇంటికొచ్చినోడికా?"

గాసి కాగితం మడిచేశాడు. అతనూ ఆ ఇంట్లో పుట్టినవాడే.

శిక్షణకి చిన్నమ్మినే రమ్మన్నారు, మిగతా ఆడవాళ్ళకి నేర్పమని. ఆ రోజు గెడ్డ పొంగింది, దాటే దారి లేదు. పెరట్లో ఇంకో రెండు గెలలు కోతకొచ్చాయి. ఆమె కత్తి తీసి, కోసినా సంతకి పోవని మళ్ళీ చూర్లో దోపేసింది. దూలానికి ఖాళీగా వేలాడుతున్న అడ్డనార తాడు విప్పి, దాంతో మేకని కట్టింది.